అమాలేకు ఎవరు? అబ్రాహాము సంతతి మతాలలో హింసకు మూలాలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

అబ్రాహాము మరణించినప్పుడు అతని కుమారులైన ఇస్సాకు, ఇష్మాయేలు కలిసి అతనిని మక్పేలా గుహలో పాతిపెట్టారని ఆదికాండము 25:9 తెలియజేస్తున్నది. ఒకడు వాగ్దాన పుత్రుడు, మరొకడు తల్లితో కూడ అరణ్యమునకు పంపివేయబడినవాడు. తండ్రి సమాధి దగ్గర ఆ ఇద్దరూ కలిసి నిలిచారు. వారి మధ్య ఏ మాటలు జరిగాయో గ్రంథకర్త చెప్పలేదు. కలిసి పాతిపెట్టారని మాత్రమే చెప్పాడు.

ఆ గుహ హెబ్రోనులో నేటికీ ఉన్నది. దానిపై కట్టబడిన భవనంలో యూదులు, ముస్లిములు వేరువేరు భాగాలలో ప్రార్థనలు చేస్తున్నారు. 1994 ఫిబ్రవరి 25న అక్కడ నమాజులో ఉన్న 29 మంది ముస్లిములను బరూక్ గోల్డ్‌స్టీన్ అనే యూదు వైద్యుడు కాల్చి చంపాడు. అంతకు ముందు 1929 ఆగస్టు 24న అదే పట్టణంలో 67 మంది యూదులు అరబ్బు గుంపుల చేతిలో హతులయ్యారు. యెరూషలేములోని పరిశుద్ధ స్థలాన్ని యూదులు ఆక్రమించబోతున్నారన్న వదంతి ఆ అల్లర్లకు నిప్పంటించింది. క్రైస్తవులమైన మనకు ఆ గుహతో ప్రమేయం లేదని అనుకోరాదు. క్రూసేడు సైన్యాలు ఆ స్థలాన్ని పట్టుకుని, 1187 వరకు తమ వశంలో ఉంచుకుని, దానిని క్రైస్తవ దేవాలయంగా మార్చాయి. తండ్రి ఒక్కడే, సమాధి ఒక్కటే, దానిచుట్టూ కత్తి పట్టినవారు మాత్రం ముగ్గురు.

ఈ హింసకు మూలమెక్కడ? దేవుడు ఒక్కడే అనే విశ్వాసంలోనా? పరిశుద్ధ గ్రంథాలలోనా? లేక వాటిని చదివే మనుష్యుని హృదయంలోనా? పాశ్చాత్య పండితులలో కొందరు మొదటి దానివైపు వేలు చూపారు. మన సంఘాలలో అనేకులు మూడవది మాత్రమే నిజమని చెప్పి, గ్రంథం జోలికి రానివ్వరు. ఈ రెండు వాదాలనూ పరిశీలించి, రెండింటిలోనూ కొరత ఉన్నదని చూపించడం ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. ఇది ఇతరులను విమర్శించడానికి మాత్రమే వ్రాసినది కాదు. మా ప్రసంగ వేదికను కూడా ఇందులో పరీక్షకు పెట్టుకొనుచున్నాము.

1. ఏకదేవారాధనే మూలమనే వాదం

జర్మనీ దేశపు ఐగుప్తు చరిత్ర పండితుడైన యాన్ ఆస్మన్ 1997లో 'మోజెస్ ది ఈజిప్షియన్' అనే గ్రంథం ప్రచురించారు. ఆయన వాదన క్లుప్తంగా ఇది: బహుదేవతారాధన గల ప్రాచీన జనములు ఒకరి దేవతలను మరొకరు గుర్తించేవారు. ఒక దేశపు సూర్యదేవత పేరును మరొక దేశపు సూర్యదేవత పేరుతో సరిపోల్చి, సంధి పత్రాలలో ఇరువైపుల దేవతలనూ సాక్షులుగా పిలిచేవారు. మోషే పేరుతో వచ్చిన విశ్వాసం మతంలో 'సత్యము', 'అసత్యము' అనే గీత గీసింది. ఆ గీతకు అవతల ఉన్నవాడు కేవలం పరదేశి కాడు, విగ్రహారాధికుడు, దేవుని శత్రువు. ఈ భేదమే మతం పేరిట జరిగే హింసకు భాషను సమకూర్చిందని ఆస్మన్ తలంపు. ఏకదేవారాధకులందరూ హింసకులని ఆయన అనలేదు. తరువాతి రచనలలో ఆ విషయం స్పష్టం చేసుకున్నారు కూడా. కనుక ఆయన వాదాన్ని చులకన చేసి కొట్టివేయడం న్యాయం కాదు.

అదే 1997లో అమెరికా సాహిత్య పండితురాలు రెజీనా ష్వార్ట్జ్ 'ది కర్స్ ఆఫ్ కెయిన్' అనే గ్రంథం వెలువరించారు. ఆమె దృష్టిలో అసలు సమస్య కొరత. ఒకే దేవుడు, ఒకే దేశం, ఒకే జనాంగం, ఒకే ఆశీర్వాదం. ఉన్నది ఒక్కటే అయినప్పుడు ఒకనికి దొరికితే మరొకనికి లేదు. హేబెలు అర్పణ అంగీకరింపబడింది, కయీను అర్పణ త్రోసివేయబడింది. యాకోబు దీవెన పొందాడు, ఏశావు ఏడ్చాడు. ఆ కొరతలోనుండే అసూయ, అసూయలోనుండే హత్య పుట్టుకొచ్చాయని ఆమె అంటారు.

ఈ వాదాలను వినగానే మన విద్యార్థులు కోపపడవచ్చు. కాని కోపం జవాబు కాదు. ద్వితీయోపదేశకాండము 7:1-2, 20:16-18, యెహోషువ 6:21, 1 సమూయేలు 15:3 మన బైబిలులోనే ఉన్నాయి. ముసలివారిని, స్త్రీలను, చంటిబిడ్డలను సైతం విడువకూడదని అక్కడ వ్రాయబడింది. ఈ వచనాలను మనం ఆదివారపు వాక్యపఠన పట్టికలో పెట్టుకోకపోవచ్చు గాని గ్రంథంలోనుండి తీసివేయలేము.

2. మోయాబు రాయి ఇచ్చు సాక్ష్యం

ఆస్మన్ వాదానికి బలమైన అభ్యంతరం ఒక రాతి మీద ఉన్నది. 1868లో ధీబాన్ వద్ద మిషనరీ ఎఫ్. ఎ. క్లయిన్ కంటబడి, నేడు పారిస్‌లోని లూవ్రు ప్రదర్శనశాలలో ఉన్న మోయాబు రాయి క్రీ.పూ. 9వ శతాబ్దపుది. 2 రాజులు 3:4లో మనకు కనిపించే మోయాబు రాజైన మేషా దానిని చెక్కించాడు. నెబో పట్టణాన్ని ఇశ్రాయేలీయుల చేతిలోనుండి పట్టుకుని, అందులోని ఏడు వేల మందిని, స్త్రీలతో సహా, చంపి అష్తారు–కెమోషుకు ప్రతిష్ఠించినట్లు అతడు అందులో చెప్పుకున్నాడు. అక్కడ వాడిన క్రియ 'హేరెం' ధాతువు నుండి వచ్చినది. యెహోషువ గ్రంథంలో యెరికో విషయమై వాడబడిన మాట కూడా అదే.

దీనివలన రెండు సంగతులు తేటపడుచున్నవి. మొదటిది, జనమంతటినీ దేవతకు ప్రతిష్ఠించి హతం చేయడం ఇశ్రాయేలు కనిపెట్టిన ఆచారం కాదు. అనేక దేవతలను ఎరిగిన మోయాబు కూడా అదే చేసింది, అదే మాటతో గొప్పలు చెప్పుకుంది. కనుక సత్యాసత్య భేదము లేని చోట హింస తక్కువని చెప్పడానికి ఆధారం లేదు. దేవతలను సరిపోల్చుకొన్న రాజులే ఒకరి పట్టణాన్ని ఒకరు కాల్చారు. రెండవది, ఇశ్రాయేలు తన కాలపు యుద్ధభాషలోనే మాట్లాడింది. ఇది ఆ వచనాల బరువును తగ్గించదు గాని వాటి పుట్టుకను తెలియజేస్తుంది.

ఇక్కడ తెలుగు చదువరులు ఒక చిక్కును గమనించాలి. మన వాడుకలోని తెలుగు బైబిలులో హేరెం అనే మాట ఒకచోట 'నిర్మూలము' అనియు, మరొకచోట 'శపితము' అనియు కనబడుచున్నది. మూలార్థం 'మనుష్యుల వాడకంలోనుండి తీసి దేవునికి పూర్తిగా విడిచిపెట్టబడినది' అని. 'శపితము' అనగానే ఆ పట్టణవాసులు పుట్టుకతోనే శపింపబడినవారన్న భావం వినేవారికి కలుగుతుంది. దోపుడుసొమ్ము ఎవడూ ఇంటికి తీసుకుపోకూడదనే నియమం మరుగునపడి, ఎదుటి జాతి మీద అసహ్యం మాత్రమే మిగులుతుంది. ఆకాను పాపం ఏమిటో విద్యార్థులకు సరిగా అర్థం కాకపోవడానికి ఇదొక కారణమని మా తలంపు.

ష్వార్ట్జ్ వాదానికి జవాబు ఆమె ఎన్నుకున్న కథలలోనే ఉన్నది. కయీను హత్య చేయకముందే దేవుడు అతనితో మాట్లాడి, వాకిట పొంచి ఉన్న పాపమును గూర్చి హెచ్చరించాడు (ఆది. 4:6-7). హత్య జరిగిన తరువాత అతనిమీద గురుతు వేసింది ఎవరూ అతనిని చంపకుండునట్లే (4:15). ఇష్మాయేలు కూడా ఆశీర్వాదం పొందాడు (17:20). అతని మొరను దేవుడు అరణ్యంలో విన్నాడు (21:17). ఏశావు కడకు తనకు కావలసినంత ఉన్నదని చెప్పి, తమ్ముని కౌగిలించుకున్నాడు (33:4, 9). ఎన్నిక అంటే ఒకనికి పెట్టి మరొకనిని ఎండబెట్టడం కాదని ఆదికాండము మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నది. కొరత దేవుని చేతిలో లేదు, అన్నదమ్ముల కంటిలో ఉన్నది.

3. మన జవాబులలోని లోపాలు

అయితే ఆస్మన్, ష్వార్ట్జ్‌ల వాదంలో లోపం చూపినంత మాత్రాన మనం నిర్దోషులము కాము. ఈ ప్రశ్న ఎదురైనప్పుడు మన సంఘాలలో సాధారణంగా మూడు జవాబులు వినబడతాయి. మూడింటినీ విమర్శకు పెట్టవలసి ఉన్నది.

మొదటి జవాబు: 'ఇదంతా రాజకీయం, మతానికి సంబంధం లేదు.' విలియం కావనా 2009లో వెలువరించిన గ్రంథంలో, మతం స్వభావరీత్యా హింసాత్మకమనీ లౌకిక రాజ్యం శాంతి స్వరూపమనీ చెప్పడం ఆధునిక రాజ్యం తనకోసం అల్లుకున్న కథ అని వాదించారు. ఇందులో చాలా నిజం ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దపు మహాయుద్ధాలకు దేవుని పేరు అవసరం కాలేదు. భూమి, అధికారం, భయం లేకుండా ఏ మతహింసా జరగలేదు. కాని ఆ భయానికి పరిశుద్ధత అనే వస్త్రం తొడిగింది ఎవరు? 1099 జూలై 8న క్రూసేడు సైనికులు యెరికోను తలపించేటట్లు పాదరక్షలు లేకుండా యెరూషలేము ప్రాకారం చుట్టూ ఊరేగారు. గురువులు వారితో నడిచారు. వారం రోజులలో, జూలై 15న, పట్టణం పడిపోయింది. లోపలి ముస్లిములు, యూదులు ఊచకోతకు గురయ్యారు. ఆ సేనతో వచ్చిన గురువు రేమండ్ ఆఫ్ అగిలేర్ తన చరిత్రలో ఆ రక్తపాతాన్ని ప్రకటన 14:20ను స్ఫురింపజేసే మాటలతో వర్ణించి, దానిని దేవుని న్యాయమైన తీర్పుగా కొనియాడాడు. దీనిని కేవలం రాజకీయమని ఎట్లు అనగలము?

రెండవ జవాబు: 'అది పాత నిబంధన, మనది క్రొత్త నిబంధన.' ఈ మాట భక్తిగా వినిపిస్తుంది గాని దాని తండ్రి మార్కియోను. రెండవ శతాబ్దంలో అతడు పాత నిబంధనను, దాని దేవుణ్ణి త్రోసివేసినప్పుడు సంఘం అతనిని అంగీకరించలేదు. పైగా రేమండ్ వాడుకున్నది క్రొత్త నిబంధన గ్రంథాన్నే. 1096లో రైను నదీతీరంలోని వర్మ్స్, మైంట్స్ పట్టణాలలో యూదులను చంపిన గుంపులు సిలువ గురుతు ధరించి, క్రీస్తు మరణానికి ప్రతీకారం తీర్చుకుంటున్నామని చెప్పుకున్నాయి. హింసించదలచినవానికి సువార్త కూడా ఆయుధం కాగలదు.

మూడవ జవాబు: 'హింస ఇస్లాములోనే ఉన్నది, మనలో లేదు.' ఈ మాట మన సభలలో ఇటీవల ఎక్కువగా వినబడుచున్నది. అమెరికా తూర్పు తీరంలో 1637 మే 26న మిస్టిక్ వద్ద పీక్వోట్ జాతి వారి కోటను ఆంగ్ల వలసవాసులు తగులబెట్టారు. హతులైన వందలాది మందిలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులే ఎక్కువ. ఆ సేనకు నాయకులలో ఒకడైన జాన్ అండర్‌హిల్ మరుసటి సంవత్సరం ప్రచురించిన పుస్తకంలో, క్రైస్తవులకు కనికరం ఉండవద్దా అనే ప్రశ్నను తానే వేసుకుని, దావీదు యుద్ధాలను చూపి సమాధానం చెప్పుకున్నాడు. 1689లో బోస్టను కాపరి కాటన్ మాథర్ యుద్ధానికి పోయే సైనికులకు చేసిన ప్రసంగంలో ఆ దేశపు మూలవాసులను అమాలేకుతో పోల్చాడు. వీరు బైబిలు తెలియనివారు కారు. మనకంటే ఎక్కువగా చదివినవారు.

4. అమాలేకు అనే పేరు

మా పరిశీలనలో అసలు మూలం ఇక్కడ కనబడుచున్నది. గ్రంథంలో శత్రువుకు ఒక పేరు ఉన్నది. ఆ శత్రువు ఎప్పుడో గతించిపోయాడు, పేరు మాత్రం ఖాళీగా మిగిలింది. చదివేవాడు తనను యెహోషువ స్థానంలో నిలుపుకుని, ఆ ఖాళీ పేరును తన కాలపు పొరుగువానిమీద వేస్తాడు. ఆ క్షణం నుండి పొరుగువానితో మాటలు ఉండవు, సంధి ఉండదు, విచారణ ఉండదు. ఎందుకంటే తీర్పు మునుపే వ్రాయబడి ఉన్నది. హింసకు మూలం ఒంటరిగా గ్రంథంలోనూ లేదు, ఒంటరిగా హృదయంలోనూ లేదు. ఈ రెండూ కలిసే ఈ పేరు పెట్టడంలో ఉన్నది.

గోల్డ్‌స్టీన్ హత్యాకాండ జరిగిన 1994 ఫిబ్రవరి 25 యూదులకు పూరీము పండుగ దినం. ఆ దినమున ఎస్తేరు గ్రంథం చదువుతారు. దానికి ముందు విశ్రాంతి దినమున అమాలేకును జ్ఞాపకముంచుకోవలెనన్న ద్వితీ. 25:17-19 చదువుతారు. అగాగీయుడైన హామానును అమాలేకు రాజైన అగగు వంశస్థునిగా యూదు సంప్రదాయం చెప్పుచున్నది. ముస్లిములకు అది రంజాను మాసంలోని శుక్రవారం. ఆ తేదీ యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం.

ఇస్లాములోనూ ఇదే పద్ధతి కనబడుచున్నది. 1981 అక్టోబరు 6న ఐగుప్తు అధ్యక్షుడు అన్వర్ సాదాత్‌ను చంపినవారికి మార్గదర్శకమైన చిన్న పుస్తకాన్ని అబ్దుస్ సలాం ఫరజ్ అనే వ్యక్తి వ్రాశాడు. పేరుకు ముస్లిములై ఉండి తమ పూర్వపు చట్టంతోనే పాలించిన మంగోలు రాజులను గూర్చి ఇబ్న్ తైమియ్యా (1263–1328) ఇచ్చిన తీర్పును అతడు తీసుకుని, సాదాత్ ప్రభుత్వం మీద వేశాడు. మంగోలులు లేరు, పేరు ఉన్నది, అది చాలు. 2023 అక్టోబరు 7న సుమారు 1,200 మందిని పొట్టన పెట్టుకున్న దాడి జరిపిన హమాస్, తన 1988 నాటి నిబంధనావళి 7వ అధికరణలో యూదులతో అంత్యకాలపు యుద్ధాన్ని గూర్చిన ఒక హదీసును చేర్చుకుంది. అదే నెల 28న ఇశ్రాయేలు ప్రధాని బెంజమిన్ నెతన్యాహు తన జనులకు అమాలేకును గుర్తుచేశారు. దక్షిణ ఆఫ్రికా ఆ సంవత్సరం డిసెంబరులో అంతర్జాతీయ న్యాయస్థానానికి సమర్పించిన అర్జీలో ఆ మాటను ఎత్తిచూపింది. అది హమాసును గూర్చినదే గాని పాలస్తీనా ప్రజలను గూర్చినది కాదని ప్రధాని కార్యాలయం వివరణ ఇచ్చింది. కాని అమాలేకు పేరు ఎరిగిన శ్రోతకు 1 సమూయేలు 15:3 కూడా తెలుసు. గాజాలో పదుల వేలమంది మరణించిన ఆ యుద్ధకాలంలో ఆ పేరు తేలికగా వాడవలసినది కాదు.

అయితే మూడు మతాలలోనూ ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించినవారు ఉన్నారు. ఇది మన విద్యార్థులకు తెలియవలసిన సంగతి. అష్షూరు రాజైన సన్హెరీబు జనములన్నిటినీ కలగలిపివేశాడు గనుక ఫలానావాడు ఫలానా జాతివాడని ఇప్పుడు చెప్పలేమని మిష్నాలోని యాదాయిమ్ 4:4 బోధిస్తున్నది. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిదెసు, ఏడు జనముల జ్ఞాపకమే నశించిపోయిందని వ్రాశాడు. అమాలేకుకైనా ముందు సంధి మాట చెప్పకుండా యుద్ధం చేయరాదని కూడా తీర్పు చెప్పాడు. ఇది కేవలం పాండిత్యం కాదు, ఖాళీ పేరుకు వేసిన తాళం. ఫరజ్ పుస్తకానికి ఐగుప్తు ముఫ్తీ జాద్ అల్-హక్ విస్తారంగా ఖండన వ్రాశారు. 2010లో టర్కీలోని మార్దిన్‌లో కూడుకొన్న ఇస్లాం పండితులు ఇబ్న్ తైమియ్యా తీర్పును నేటి హత్యలకు ఆధారం చేసుకోకూడదని ప్రకటించారు. కయీను కథ మీద వ్యాఖ్యానిస్తూ, ఒక్క ప్రాణాన్ని తీయడం లోకమంతటినీ నాశనం చేయడంతో సమానమన్న భావాన్ని మిష్నా సన్హెద్రిన్ 4:5లోను, ఖురాను 5:32లోను చూడగలము. అన్న చేతిలో హతుడైన తమ్ముని కథను రెండు సంప్రదాయాలూ ఒకే విధంగా విన్నాయి.

క్రైస్తవ పక్షాన మూడవ శతాబ్దంలో ఓరిగెను యెహోషువ గ్రంథంపై 26 ప్రసంగాలు చేశాడు. గ్రీకులో యెహోషువ, యేసు ఒకే పేరు. కనుక యేసు మన హృదయంలోని కనానీయులను, అనగా కోపం, మోహం, గర్వం వంటి వాటిని, జయిస్తున్నాడని అతడు వివరించాడు. మన ఉజ్జీవ సభలలో నేటికీ వినబడే వివరణ ఇదే. దీనివలన మేలు కలిగింది. కాని ఇందులో ఒక లోటు ఉన్నదని చెప్పక తప్పదు. కనానీయుడు అంటే పాపం అని వందల ఏండ్లు విన్న చెవికి, ఎవరినైనా కనానీయుడని పిలిచినప్పుడు పాపాన్ని ద్వేషించినట్లే మనిషిని ద్వేషించడం సులువవుతుంది. ఓరిగెను కత్తిని ఒరలో పెట్టాడు గాని పేరును తుడిచివేయలేదు.

5. గ్రంథంలోనే ఉన్న అడ్డు

అట్లయితే ఈ వచనాలను ఏమి చేయాలి? త్రవ్వకాలు మనలను తప్పిస్తాయని కొందరు ఆశిస్తారు. కాథ్లీన్ కెన్యన్ 1952–58 మధ్య యెరికోలో జరిపిన త్రవ్వకాలలో, యెహోషువ కాలమని సాధారణంగా భావించే సమయంలో అక్కడ ప్రాకారము గల పట్టణం ఉన్నట్లు ఆధారం దొరకలేదు. దీనిపై వాదోపవాదాలు ఇంకా సాగుచున్నవి. అవి ఎట్లు ముగిసినా మన సమస్య తీరదు. యెరికోలో ఏమి జరిగినా, మిస్టిక్‌లో జరిగినది మాత్రం జరిగింది. జరిగించినవారు యెరికో చదివినవారు.

మేము గ్రంథానికి వెలుపల కాక గ్రంథంలోనే అడ్డు వెదకదలచాము. యెరికో ముట్టడికి ముందు యెహోషువ కత్తి దూసిన ఒక పురుషుని చూచి, మా పక్షమా, మా విరోధుల పక్షమా అని అడిగాడు. ఆయన కాదు అని మాత్రమే చెప్పి, తాను యెహోవా సేనాధిపతిగా వచ్చితిననెను (యెహో. 5:13-14). యుద్ధం మొదలుకాకముందే దేవుడు ఎవరి పక్షాన సంతకం చేయలేదని గ్రంథకర్త వ్రాసి ఉంచాడు. ఆ తరువాత కనాను వేశ్యయైన రాహాబు రక్షింపబడింది, యూదా గోత్రికుడైన ఆకాను హతుడయ్యాడు. హేరెం గీత జాతుల మధ్య గీయబడినదే అయితే ఈ రెండు కథలు అట్లు ఉండవు. ఇశ్రాయేలుమీది ఆసక్తితో సౌలు గిబియోనీయులను చంపినప్పుడు దేవుడు దానిని భక్తిగా ఎంచలేదు, రక్తాపరాధంగా ఎంచాడు. మూడేండ్ల కరవు వచ్చింది (2 సమూ. 21:1-2). మతాసక్తితో చేసిన నరహత్యకు ఇంతకంటే గట్టి ఖండన ఏమి కావాలి?

అన్నిటికంటె ముఖ్యమైనది అమాలేకు నేరమే. ద్వితీ. 25:18 ఆ నేరాన్ని స్పష్టంగా చెప్పుచున్నది. అలసి సొలసి వెనుక పడిపోయిన బలహీనుల మీద పడి చంపడమే అది. అంటే అమాలేకు గుర్తు రక్తంలో లేదు, క్రియలో ఉన్నది. మిస్టిక్ కోటలో పిల్లలను కాల్చినవాడు అమాలేకును చంపలేదు, అమాలేకు పని చేశాడు. హెబ్రోనులో మోకరించినవారి వీపుల మీద కాల్చినవాడు కూడా అంతే. 1929లో పొరుగింటి తలుపులు విరుగగొట్టినవారూ అంతే. అదే దినమున తమ ఇండ్లలో యూదులను దాచి వందలమందిని కాపాడిన అరబ్బు కుటుంబాలు కూడా ఆ పట్టణంలో ఉన్నాయి. బలహీనుల పక్కన నిలిచింది వారే.

ప్రభువు ఈ అడ్డును పూర్తి చేశాడు. మత్తయి ఆయన వంశావళిలో రాహాబును చేర్చాడు (1:5). మార్కు సురోఫెనికయ స్త్రీ అని వ్రాసిన చోట మత్తయి కనాను స్త్రీ అన్నాడు (15:22). నిర్మూలమైపోవలసిన జాతిపేరుతో ఒక తల్లి ప్రభువు ఎదుట నిలిచి తన కుమార్తె ప్రాణం అడిగింది, గొప్ప విశ్వాసం గలదన్న మెప్పు పొందింది. నజరేతులో యెషయా గ్రంథం చదివినప్పుడు ఆయన ప్రతిదండన దినము అనే మాటకు ముందే ఆపి గ్రంథం మూసివేశాడు (లూకా 4:18-20, యెష. 61:2). సారెపతు విధవరాలిని, సిరియా వాడైన నయమానును పేర్కొన్నందుకు ఊరివారు ఆయనను కొండ అంచునకు త్రోసుకుపోయారు. ఏలీయావలె అగ్ని దిగి రమ్మని చెప్పుదుమా అని అడిగిన శిష్యులను ఆయన గద్దించాడు (9:54-55). వారు లేఖనం తెలియక అడగలేదు, తెలిసే అడిగారు.

6. మన ప్రసంగ వేదిక

ఇంతవరకు చెప్పినదంతా దూరదేశాల సంగతిగా కనబడవచ్చు. అందుచేత మా తప్పిదం ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది. పరిచర్య తొలి దినాలలో మేము కాపరిగా ఉన్న ఒక గ్రామంలో మందిరానికి ప్రహరీ కట్టుకోకుండా ఒక కుటుంబం అడ్డుపడింది. ఉపవాస ప్రార్థనలో మేము నిర్గమకాండము 17 చదివి, ఆ కుటుంబం పేరెత్తకుండానే, మన ఊరి అమాలేకు ఎవరో మీకు తెలుసునని చెప్పాము. సంఘమంతా ఆమేను అన్నది. ఆ వారం మన యువకులు ఆ ఇంటి పెద్దాయన ఎదురైతే తల తిప్పుకున్నారు. ఒక రాత్రి వారి గడ్డివాము తగులబడింది. ఎవరు అంటించారో తేలలేదు. మరునాడు మా సంఘంలోని ఒక ముసలమ్మ వచ్చి, "అయ్యగారూ, మనకి బావి లేనప్పుడు ఇరవై ఏళ్ళు ఆళ్ళ నీళ్ళే తాగాం. ఆ మాట కూడా ప్రసంగంలో చెప్పాల్సింది" అన్నది. మా వద్ద జవాబు లేదు. అప్పటికి మేము బి.డి. పట్టా పొంది మూడేండ్లు అయింది. హేరెం అనే మాటకు ధాతువు తెలుసు, ఆ బావి సంగతి తెలియదు.

మేము హింసింపబడే అల్పసంఖ్యాకులము గదా, ఈ విమర్శ మాకెందుకు అని కొందరు అడుగుతారు. 1999లో గ్రాహం స్టెయిన్స్, ఆయన ఇద్దరు కుమారుల సజీవ దహనం, 2008లో కంధమాల్ దాడులు మనం మరువలేదు. ఆ బాధ నిజమైనది. కాని యెహోషువ గ్రంథాన్ని ఆయుధంగా చేసుకున్నవారిలో అనేకులు మొదట హింసింపబడినవారేనని మరువరాదు. ఇంగ్లండు నుండి తరుమబడిన ప్యూరిటనులే మిస్టిక్‌లో నిప్పు పెట్టారు. గాయపడినవానికే శత్రువు పేరు త్వరగా నోటికి వస్తుంది. గ్లాడిస్ స్టెయిన్స్ తన భర్తను, బిడ్డలను చంపినవారిని క్షమించానన్నప్పుడు, గాయపడిన తరువాత కూడా ఆ పేరు పెట్టకుండా ఉండగలమని చూపించింది.

కాబట్టి కాపరులకు, విద్యార్థులకు మూడు సంగతులు మనవి చేయుచున్నాము. ఒకటి, యెహోషువ, 1 సమూయేలు గ్రంథాలలోని కఠిన భాగాలను దాటవేయక బోధించండి. మనం బోధించకపోతే మరొకడు తనకు కావలసినట్లు బోధిస్తాడు. రెండు, యెరికో ప్రార్థనలు జరిపేటప్పుడు ప్రాకారం లోపల రాహాబు ఉన్నదని తప్పక చెప్పండి. మనం చుట్టూ తిరుగుచున్న ఇంటిలో ఏ మనిషి దేవునికి భయపడుచున్నాడో మనకు తెలియదు. మూడు, బ్రదికి ఉన్న ఏ మనిషికీ, ఏ కులానికీ, ఏ మతానికీ అమాలేకు, యెజెబెలు, ఫరో అనే పేర్లు వేదిక మీదనుండి పెట్టకండి. ప్రసంగీకునికి అది ఉపమానం. వినే యువకునికి అది ఆజ్ఞ కావచ్చు.

ముగింపు

ఏకదేవారాధన తనంతట తాను హింసకు మూలం కాదు, మోయాబు రాయి అందుకు సాక్షి. కాని మన గ్రంథాలు నిరపాయకరమైనవని చెప్పడమూ సత్యం కాదు. యెరూషలేము, మిస్టిక్, హెబ్రోను అందుకు సాక్షులు. గతించిన శత్రువు పేరును బ్రదికి ఉన్న పొరుగువానిమీద వేసే చదువరిలో హింస వేరు తన్నుకొనుచున్నది. ఆ చదువరికి చదవడం నేర్పేది మనమే. కనుక మనకు లెక్క అప్పగించవలసిన భారం ఉన్నది.

మక్పేలా గుహను గూర్చి ఇంకొక మాట. దానిని అబ్రాహాము యుద్ధం చేసి సంపాదించలేదు. ఆ దేశపు ప్రజల ఎదుట సాగిలపడి, నాలుగు వందల తులముల వెండి తూచి యిచ్చి, ఎఫ్రోను వద్ద కొన్నాడు (ఆది. 23:12-16). ఎఫ్రోను హిత్తీయుడు. ద్వితీయోపదేశకాండము 7:1లోని ఏడు జనముల పట్టికలో మొదటి పేరు హిత్తీయులదే. ఏ జనము నిర్మూలమైపోవలెనని తరువాత వ్రాయబడెనో, ఆ జనము ఎదుటనే మన విశ్వాసులకు తండ్రి తలవంచి, తన భార్యను పాతిపెట్టుటకు చోటు అడిగాడు. యెహోషువ 6ను బోధించబోయే ప్రతి కాపరి దానికి ముందు ఆదికాండము 23ను ఒకసారి చదువుకొనవలెనని మా మనవి.